జామీను సంతకం

బావగారికి నమస్కారాలు.

"షాపు లోను ఒక్కసారే ఎలా తీర్చావురా? తప్పుడు పని ఏమీ చెయ్యలేదు కదా?" అని మీరు ఫోనులో అడిగితే ఏదో చెప్పి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను.

నా షాపు లోనుకి మీరు జామీను ఉన్నందుకే మీ ఇంటి లోను ఆగిపోయిందని అక్క ఒకరోజు నోరు జారింది. నేను ఉండబట్టలేక ఆ షాపు బాకీని నా క్రెడిట్ కార్డు మీదికి మార్పించుకున్నాను. "పది నెలలు వడ్డీ లేదు. ఒక్క వాయిదా తప్పినా మొత్తం మీద వడ్డీ పడుతుంది" అని బ్యాంకు అమ్మాయి రెండుసార్లు హెచ్చరించింది.

తొమ్మిది వాయిదాలు కట్టాను. ఆఖరిదానికి గడువు ఎల్లుండే. పోయిన నెల మణికట్టు బెణికి సెలూనులో కత్తెర పట్టలేకపోయాను. నిన్న రెండో కుర్చీ, పెద్ద అద్దం అమ్మేశాను. అయినా చాలలేదు. చివరికి మొహం చంపుకుని ఎదురు సెలూనాయన దగ్గరికి వెళ్ళి పని అడిగాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "సాయంత్రాలు రా" అని అడ్వాన్సు చేతిలో పెట్టాడు. రేపు బ్యాంకు తెరవగానే కట్టేస్తాను.

మీరు మాత్రం డబ్బు పంపకండి. మీ పేరు మీద ఇప్పుడు ఏ జామీనూ లేదు. వెళ్ళి ఇంటి లోను అడగండి. అక్కకి కుర్చీ సంగతి చెప్పకండి.

మీ బామ్మర్ది