మొదటి సర్వర్ ఎప్పుడో పోయింది

మంగళవారం రాత్రి, అమలాపురం

మా కొట్లో బిల్లులు వేసే పెద్ద కంప్యూటర్లు, అవే సర్వర్లు, రెండున్నాయి. ఇవాళ కొబ్బరికాయల లారీ బిల్లు కోసం నిలబడి ఉంది. పీచు దుమ్ము దులుపుదామని రెండో సర్వర్ ఆపాను. ఒకటి ఆగితే బిల్లింగ్ ప్యాకేజీ తనంతట తానే ఇంకోదాంట్లో మొదలవుతుందని నా ధైర్యం. మొత్తం ఆగిపోయింది!

వాటిని పెట్టిన శ్రీను పరుగున వచ్చాడు.

"మొదటిది పోయి మూడు వారాలైందండీ. ప్యాకేజీ అప్పుడే రెండోదానికి మారిపోయింది. మెసేజ్ రాలేదాండీ?"

"ఆ మెసేజ్‌ల గోల ఆపెయ్యమని నీకు నేనే కదయ్యా చెప్పాను!"

"ఆయ్, చెప్పేరండీ."

రెండోది మళ్లీ వెయ్యగానే బిల్లు వచ్చింది, లారీ కదిలింది. కానీ మూడు వారాలు ఒక్కదాని మీదే నడిచామా! అదీ పోయుంటే...

రోజూ పొద్దున్నే రెండిటికీ అగరొత్తులు తిప్పుతున్నాను. మొదటిదాని లైట్లు వెలుగుతుంటే అదీ బతికే ఉందనుకున్నాను.