ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు

బావమరిదికి,

ఆ ఆదివారం ఉదయం ఆరున్నరకి ఇంటి నుంచి బయలుదేరాం. ఏడూ నలభైకి నువ్వు నడిపే బండి ఎక్కాం. నువ్వు పంపిన టికెట్లు ఇంజను వెనకే ఉన్న మొదటి పెట్టెవి. గార్డుతో మాట్లాడి చివరి పెట్టెకి మార్పించాను. మీ అక్క ఊపిరితిత్తులకి పొగ పడదని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. కిటికీ అద్దాలు రెండూ మూసేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఆవిరి బండి ఎక్కి అద్దాలు మూసుకోవడమేంటండీ, స్నానానికి గొడుగేసుకుని వెళ్లినట్టు" అన్నాడు. మీ అక్క నవ్వింది. నేను నవ్వలేదు.

పదింటికి ఇంజను నీళ్లు పట్టుకోవడానికి బండి నడిమి స్టేషనులో ఆగింది. ఇరవై నిమిషాలన్నారు. నేను టీ తేవడానికి దిగాను. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి సీటు ఖాళీ. శాలువా మాత్రం మడతపెట్టి ఉంది. "మీ ఆవిడ అటు ముందుకెళ్లారండీ, కాళ్లు పట్టేశాయిట" అన్నాడు పెద్దాయన. ప్లాట్‌ఫారం సగం వెతికేలోపే గార్డు ఈల వేశాడు. ఏదో ఒక పెట్టెలో ఎక్కి ఉంటుందనుకుని పరిగెత్తి నా పెట్టె ఎక్కాను. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి లేని పాత బండి అది. అందుకని పద్నాలుగు కిలోమీటర్లు, నలభై నిమిషాలు, చల్లారిపోతున్న రెండు కప్పులు చెరో చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ నలభై నిమిషాలూ ఇంజను కూస్తూనే ఉంది. ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు. కాసేపాగి మళ్లీ అదే. గేటు లేదు, మలుపు లేదు, పట్టాల మీద పశువు లేదు. పదకొండు సార్లు లెక్కపెట్టాను. పెట్టె గోడకి ఫిర్యాదుల పుస్తకం వేలాడుతోంది. కప్పులు కింద పెట్టి, దాన్ని తీసి రాశాను: "డ్రైవరు కారణం లేకుండా పదే పదే కూత వేస్తున్నాడు. బండిలో జబ్బు మనుషులున్నారన్న స్పృహ లేదు." టైము వేశాను. సంతకం చేశాను. ముప్పై ఒక్క ఏళ్లు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసినవాణ్ని. లోపం కనిపిస్తే రాసిపెట్టడం తప్ప నాకు వేరే అలవాటు లేదు.

చివరి స్టేషనులో దిగి చూస్తే, నువ్వు మీ అక్కని రెండు చేతులా పట్టుకుని ఇంజను మీంచి దించుతున్నావు. మొహమంతా మసి. కళ్లజోడు లేదు. నవ్వుతోంది. నువ్వూ నవ్వుతున్నావు. "బావా, అక్క నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉంది, నాకంటే బాగా నడుపుతుంది" అన్నావు. నీకు గుర్తుందో లేదో. నాకుంది.

ఆ తరవాత నేను నోరు విప్పలేదు. నీతోనూ, తనతోనూ. తిరుగు ప్రయాణమంతా తను అద్దం తెరుచుకుని కూర్చుంది, నేను వద్దని కూడా అనలేదు. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరాం. తాళం తీస్తుంటే వెనక నుంచి, "నీళ్లు పెట్టారా?" అని అడిగింది. ఇద్దరం ఒకేసారి గుమ్మం ఎక్కుతుంటే నీళ్లెవరు పెడతారు? వేళాకోళం అనుకున్నాను. జవాబివ్వలేదు. తను కాసేపు అక్కడే నిలబడి, లోపలికెళ్లి, పంపు తిప్పి చన్నీళ్లతో మొహం కడుక్కుంది. మర్నాడు ఉదయం ఆరింటికి లేపితే లేవలేదు.

ఆ రోజు జరిగింది ఇది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసేయలేదు.

అంత్యక్రియలకి వచ్చి గేటు దగ్గరే నిలబడిపోయావు. చూశాను. చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆరడుగుల మనిషివి, యాభై ఏళ్లు దాటాయి, మెదడు మోకాల్లో పెట్టుకున్నావా? ఊపిరి అందని మనిషిని నిప్పు ముందు, బొగ్గు పొగలో నిలబెట్టి ఆడించడానికి అది మీ నాన్నగారు నడిపిన ఇంజను అన్న ఒక్క కారణం సరిపోయిందా? నెలకో ఆదివారం సరదాకి తిప్పే బండి. దాని సరదా మీ అక్క ప్రాణం తీసింది.

కూతల మీద నా ఫిర్యాదు చూసి, బండి నడిపే ఆఫీసువాళ్లు వివరాలు రాయమని కాగితం పంపారు. రాశాను. కూతల సంగతితో ఆపలేదు. జబ్బుమనిషిని ఇంజను ఎక్కించావని, ఆమె మర్నాడే పోయిందని రాశాను. వచ్చే నెల ఆరో తేదీన విచారణ. నన్ను సాక్ష్యానికి రమ్మన్నారు. వస్తాను. ఆ ఇంజను నీ చేతిలోంచి పోయేదాకా ఊరుకోను. చాటున చేశానని అనుకోకూడదు, అందుకే ముందుగా చెబుతున్నాను.

ఉత్తరం మొదట "ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఇకమీదట నన్ను బావా అని పిలవకు.

ఇట్లు,
మీ అక్క భర్త


బావమరిదికి,

నీ జవాబు అందింది. ఏడు పేజీలు. అందులో నాకు పనికొచ్చేవి మూడు ముక్కలు, నీ మాటల్లోనే. ఇంజను ఎక్కుతానని అడిగింది అక్కే. అక్క ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్లి ఎక్కువ రోజులు లేవని తెలుసుకుంది. కూత వేసింది నేను కాదు, అక్క.

నమ్మలేదు. ఎవరి సాకు వాళ్ల నోటికి తియ్యగా ఉంటుంది. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలు తీయకుండానే చెప్పాడు. "అవునండీ, మూడు నెలల కిందట వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు, చెప్పాను. మీతో అనొద్దన్నారు."

"రెండేళ్లు ప్రతిసారీ పక్కన కూర్చున్నాను. నాతో అనొద్దంటే మీరు ఊరుకున్నారా?"

"మీరు పక్కనుంటే ఆవిడ ఏమీ అడగరండీ. అన్నీ మీరే అడుగుతారు."

పొగ వల్ల పోయిందా అని అడిగాను. కాదన్నాడు. చన్నీళ్ల వల్లనా అని అడిగాను. "అద్దాలు మూసినా తెరిచినా, నీళ్లు వేడివైనా చల్లవైనా, ఆ జబ్బుకి తేడా లేదండీ. ఇంటికెళ్లి పడుకోండి" అన్నాడు. పడుకోవడానికి వెళ్లానా నేను?

సరే. నువ్వు చెప్పింది నిజం. అంతమాత్రాన నువ్వు మంచివాడివి కాలేదు. మూడు నెలలు అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ని చేశారు. "మీ బావకి చెబితే మంచం దిగనివ్వరురా, రోజుకి మూడుసార్లు నా ఊపిరి కొలిచి గోడ మీద గీతలు గీస్తారు" అందని రాశావు. గీశాను. ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, మూడు రంగులు. గీత కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చోక ఇంకేం చెయ్యాలి? ఎవరైనా ఇంకేదైనా చెయ్యమని చెప్పారా? తను చెప్పిందా? నీకు చెప్పింది. ఊరికి ఆ చివర ఉండి, పండక్కో పబ్బానికో తొంగిచూసే నీకు చెప్పింది. ఒకే గదిలో ముప్పై నాలుగేళ్లు పడుకున్న నాకు చెప్పలేదు.

ఇప్పుడు నా సంగతి విను. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పడం ఇష్టమూ లేదు. కానీ నువ్వు చేసిందేంటో నీకు తెలియాలి. చివరి స్టేషనులో తను నీ చేతుల్లోంచి దిగినప్పుడు పదకొండు గంటలైంది. అప్పటి నుంచి దీపం ఆర్పేదాకా తనతో ఒక్క మాట మాట్లాడలేదు. బండిలో రెండుసార్లు నా మోచెయ్యి ముట్టుకుంది. తీసేసుకున్నాను. అలిగితే తనే వచ్చి బతిమాలుతుంది, ముప్పై నాలుగేళ్లుగా జరిగేది అదే. మర్నాడు ఉదయం టీ పెట్టి ఇచ్చి నేనే మాట కలుపుదామనుకున్నాను కూడా. నేను పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. కానీ తనకి రోజులు లేవని నాకు తెలిసి ఉంటే, ఆ పూట మూతి ముడుచుకుని కూర్చునేవాణ్నా? నువ్వు ఒక్క రోజు ముందు, ఒక్క ముక్క చెప్పి ఉంటే? ఆ పూట నా దగ్గర్నుంచి లాక్కున్నది నువ్వు. నా కోపమంతా ఇదే. పొగ మీద పెట్టి రాశాను గాని, ఇదే.

"అది నాన్న కూత బావా" అని రాశావు, నాకేదో తెలిసినట్టు. ఏ నాన్న, ఏ కూత? ఇంజను కూసేది గేటు కోసం, మనుషుల ముచ్చట్ల కోసం కాదు. పిలవొద్దన్నా మళ్లీ బావా అని రాశావు, పదిహేను చోట్ల.

ఆరో తేదీన వస్తాను.

ఇట్లు,
మీ అక్క భర్త


మసిగాడికి,

నిన్ను ఇలా పిలిచే ఒక్క మనిషీ పోయింది. ఈ ఒక్కసారికి నేను పిలుస్తున్నాను. ఈ ఉత్తరం సాయంత్రం నేనే తెచ్చి షెడ్డు గేటు దగ్గర ఇచ్చి వెళతాను. ఈ ఉదయం నీ ఎదుట చెప్పలేకపోయాను, అందుకని రాయడం.

తలుపు తీసేసరికి గుమ్మం బయట నిలబడి ఉన్నావు. నెత్తి నుంచి కాళ్ల దాకా మసి. చేతిరుమాల్లో చుట్టిన కళ్లజోడు.

"అక్కది. బొగ్గు పెట్టె వెనకాల దొరికింది. మసి అంటుతుందని తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయింది."

"లోపలికి రా."

"వద్దులే బావా. నేల పాడవుతుంది, మళ్లీ ఫిర్యాదు రాస్తావు."

నాకు నవ్వొచ్చింది. నెల రోజుల్లో మొదటిసారి. దాన్ని మింగేసి, "ఇంజను తీసేసుకున్నారన్నారు?" అన్నాను.

"ఆ. రేపు విచారణలో తేలేదాకా బాయిలరు కడగమన్నారు. తెల్లారకముందు దూరితే ఏడింటికి బయటపడతాను. ఫర్వాలేదు, దాన్ని తోలకపోయినా దాని కడుపులోనే ఉన్నాను."

"షెడ్డులో నీళ్లు లేవా? ఆ మొహంతో ఊరంతా తిరగడమేంటి?"

"ఉన్నాయి. మసి మొహంతో ఇంటికి రావడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు." అని, నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయావు. మీ క్వార్టర్లు పట్టాల పక్కనే. ఒక్కో డ్రైవరుదీ ఒక్కో కూత. మీ నాన్నగారిది ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు. అది వినపడగానే మీ అమ్మగారు పొయ్యి మీద నీళ్లు పెట్టేవారు. ఆయన షెడ్డులో ఇంజను అప్పజెప్పి వచ్చేసరికి నీళ్లు కాగి ఉండేవి. గుమ్మం ఎక్కుతూ ఆయన అడిగే మొదటి మాట, "నీళ్లు పెట్టారా?"

"పెట్టకుండా ఎలా ఉంటారు బావా, విన్నారుగా. అయినా అడిగేవాడు. విన్నామని మా చేత అనిపించుకోవాలని. పెట్టాం నాన్నా అని అరిచేది అక్కే."

నేను తలుపు పట్టుకున్నాను. నువ్వు చూశావు. "ఏమైంది బావా?" అన్నావు. ఏమీ లేదు, వెళ్లు అన్నాను. కసిరాను అనుకుంటాను. ఏమైందో ఇప్పుడు చెబుతున్నాను.

నాకు ఇది తెలుసు. పెళ్లయిన మొదటి ఏడు మీ అక్క చెప్పింది. ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తూ, నోటితో ఆ కూత వేసి మరీ చూపించింది. నేనేమన్నానో కూడా గుర్తొచ్చింది. "సొంత పనులకి కూత వాడటం రూల్సుకి విరుద్ధం కదా" అన్నాను. నవ్వేసి, ఆ బట్ట దులిపి ఆరేసింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను మరిచిపోయాను. ముప్పై నాలుగేళ్ల తరవాత, చివరి పెట్టెలో అద్దాలు మూసుకుని కూర్చున్న మొగుడి కోసం పదకొండు సార్లు అదే కూత వేసింది. పదకొండూ విన్నాను. లెక్కపెట్టాను. టైము వేసి తప్పు కింద రాశాను. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, విన్నారా అని అడగలేక, నీళ్లు పెట్టారా అని అడిగింది. అప్పటికైనా ఒక్క మాట అంటే సరిపోయేది. గిన్నె పొయ్యి మీద పెడితే సరిపోయేది.

నా కోపం చల్లారిందనుకోకు. నీ మీద ఉంది. చెప్పకుండా పోయినందుకు తన మీదా ఉంది. తిట్టడానికి ఎదురుగా లేనందుకు ఇంకా ఉంది. పెద్ద ముక్క ఎవరిదో చెప్పనక్కర్లేదు.

రేపు విచారణలో అబద్ధం చెప్పను, నాకు రాదు. నువ్వు ఎక్కించావని చెబుతాను. రూలు తప్పావు, దానికి ఏ శిక్ష వేసినా పడు. కానీ ఆవిడ అడిగిందని చెబుతాను. పొగ వల్ల పోలేదని డాక్టరు చేత రాయించుకున్న కాగితం చూపిస్తాను. నేను పంపిన కాగితంలో అది తెలియకుండానే రాశానని ఒప్పుకుంటాను. తరవాత ఫిర్యాదుల పుస్తకం తెప్పించమని అడుగుతాను. నేను రాసింది కొట్టెయ్యను. కింద ఇంకో లైను రాస్తాను: "కూతకి కారణం ఉంది. నాకోసం." టైము వేసి సంతకం చేస్తాను.

విచారణ పదింటికి. నువ్వు షెడ్డులో పని దిగేది ఏడింటికి. మొహం కడుక్కోకు. దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇక్కడికి రా, ఇద్దరం కలిసి వెళదాం. రేపు ఉదయం ఏడు కొట్టేసరికి నేను పొయ్యి మీద నీళ్లు పెడతాను.

మీ బావ