రోజుకు రెండు పేజీలు

నేను ఈరమ్మను. వయసు డెబ్బై దాటింది. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఉంటాను. ఇంట్లో నేనూ, నా మనవరాలు శైలజా, ఇద్దరమే. నేను చెప్పి రాయిస్తున్నాను.

నా బిడ్డా సుజాతా, నువ్వు కన్నుమూసి రేపటికి రెండేళ్లు. నీ కూతురు ఇప్పుడు ఏడో తరగతి. సంచిలో ఏ పుస్తకం ఎక్కడుందో దానికే తెలిసేది కాదు. అందుకని నోటుపుస్తకాలకు రంగుదారాలు కట్టాను, తెలుగుకు ఎరుపు, లెక్కలకు పసుపు. రోజూ ఒక్కోదాంట్లో రెండు పేజీలు నిండితేనే రాత్రికి అన్నం పెట్టేదాన్ని. చదువు రానిదాన్ని, ఇంకేం చూడగలను? నిండిన పేజీలు చూసి వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

నిన్న బడికి రమ్మన్నారు. లెక్కల టీచరమ్మ పసుపు దారం పుస్తకం తెరిచి, "అవ్వా, నెల నుంచి ఒకే లెక్కను మళ్లా మళ్లా రాస్తాంది" అంది.

"ఎందుకే ఇట్ల చేస్తివి?" అని శైలజను అడిగాను.

"నువ్వు సూసేది పేజీలే కదవ్వా. కొత్త లెక్కలు నాకు రావు. రావంటే అన్నం పెడ్తువా?"

ఇంత వయసొచ్చినా నన్నెవరూ అంత మాట అనలేదు. తప్పు దానిదేనని నీతో వాదించాలని కూర్చున్నాను, కానీ పేజీలు లెక్కపెట్టి అన్నం ఆపింది నేనే.

ఇకమీదట అన్నం ముందు, పుస్తకం తర్వాత. ఏ లెక్క రాలేదో అది నోటితో చెప్పాలి. బడి వదిలాక కూర్చోబెట్టి నేర్పిస్తానని టీచరమ్మ ఒప్పుకుంది.

ఈ ఉత్తరం రాసింది కూడా నీ కూతురే. నేను చెప్పిందే రాసిందో లేదోనని ఇద్దరి చేత చదివించుకున్నాను. ఒక్క మాటా దాచలేదన్నారు, తన తప్పూ, నా తప్పూ.

ఈరమ్మ వేలిముద్ర

చదివి సాక్షి సంతకం పెట్టినవారు: పక్కింటి హుసేన్‌బీ, మగ్గం నేసే రంగన్న