వైపర్ మోటారుకు సన్నపు తీగ

గద్వాల, గురువారం.

రేపు బడిలో నేను చేసిన బొమ్మ బండి, శంకర్ బండి ఢీకొంటాయి. ఎదుటి బండి నెడితే వెనక్కి జరిగి సుద్దగీత దాటిన బండి ఓడినట్టు. అందుకే టేపురికార్డరు మోటారు తీసేసి జీపు వైపర్ మోటారు బిగించాను. తీగ మాత్రం పాతదే, సన్నది. బ్యాటరీకి తగిలించగానే కమురు వాసన!

నాన్న మగ్గం మీంచి లేచి ఉరికొచ్చాడు. "పట్టు గిట్ల కాలిందా బిడ్డా?"

"కాదు నాయినా, తీగ."

తీగను ముట్టి చెయ్యి విదిలించుకున్నాడు. "గింత మోటరుకు ఒంటిపోగు ఆగుతదా? నాలుగు పోగులు కలిపి పురిపెట్టు."

ఇంట్లో వేరే తీగ లేదు. మగ్గం మీది బల్బు తీగే కోసిచ్చాడు. నాలుగు పోగులు పురిపెట్టి తగిలించాను, బండి ఉరికింది. తీగ వేడెక్కలేదు. కానీ శంకర్ బండి ఎదురు నెడితే ఎంత కాగుతుందో...

నాన్న కందిలి వెలుగులో, అంచుకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి నేస్తున్నాడు.