మూడో కోర్టు, ఉదయం ఆరు

మార్చి 2, సోమవారం

ప్రియమైన భీమశంకరానికి,

నిన్న సర్వసభ్య సమావేశంలో కుర్చీ తన్నేసి, "ఈ శివరామకృష్ణతో జన్మలో మాట్లాడను" అని వెళ్ళిపోయావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పోర్టులో ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళం, గోపాలపట్నంలో ఒకే వీధిలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం, అరవై దాటిన వయసులో మనకీ ఖర్మేమిటో. ఈ ఉత్తరం పట్టుకెళ్ళమంటే కోర్టులు చూసుకునే మన మార్కర్ కోటి ఏమన్నాడో తెలుసా? "ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి కదా సారూ, మద్దిలోన నానేటి పోస్టుమేన్నా?" అన్నాడు.

ఆవేశం తగ్గాక చదువుతావని మళ్ళీ చెబుతున్నాను. ఏడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే మన టెన్నిస్ క్లబ్బుకు పురుషుల ప్రొఫెషనల్ సింగిల్స్ టోర్నమెంటు వచ్చింది. ముప్పై రెండుమంది ఆటగాళ్ళు. ఒక్క ర్యాంకింగ్ పాయింటు కోసం రైళ్ళలో, బస్సుల్లో దేశాలు పట్టుకు తిరిగే పిల్లలు. మనకున్నవి నాలుగు మట్టి కోర్టులు. మూడింటిలో మ్యాచ్‌లు, మూడో నంబరు కోర్టు ప్రాక్టీసుకు. పద్నాలుగో తేదీ నుంచి తొమ్మిది రోజులు, ఉదయం ఆరు నుంచి చీకటి పడేదాకా అది వాళ్ళకు కావాలి. ప్రాక్టీసు కోర్టు లేదంటే టోర్నమెంటును వేరే ఊరికి మార్చేస్తారు.

మీ నలుగురు ముసలాళ్ళూ ఆరింటికి అక్కడ డబుల్స్ ఆడకపోతే ఏం మునిగిపోతుంది? మధురవాడలో ఒక అపార్టుమెంటు కోర్టు మాట్లాడాను. కారు కూడా పంపిస్తాను. ఇంకేం చేయమంటావు, పల్లకీ మోయమంటావా?

నీ కోపానికి అలవాటుపడ్డ
శివ


మార్చి 3, మంగళవారం

సెక్రటరీ గారైన శివకు,

పల్లకీ అక్కర్లేదు. కారూ అక్కర్లేదు. మాకు మూడో కోర్టు కావాలి, ఆరింటికే కావాలి. మధురవాడ కోర్టు పనికిరాదు. ఎందుకని అడక్కు, చెప్పను. మిగతా పగలంతా నీ ఆటగాళ్ళనే ఏలుకోమను. గంటసేపు ఆగలేని ప్రాక్టీసు ఏం ప్రాక్టీసు?

ఏడేళ్ళుగా సెక్రటరీవి. ఒక్క ఉదయమైనా మా ఆట చూడటానికి వచ్చావా? మోకాళ్ళ నొప్పులని పడుకుంటావు, సాయంత్రం వచ్చి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని నోటీసులు రాస్తావు. మమ్మల్ని ముసలాళ్ళంటావు. నీకంటే నేను రెండేళ్ళే పెద్ద, మాతో ఆడే దేవదానం నాలుగేళ్ళు. ఇప్పటికీ అతని ఎడమచేతి సర్వీసు నువ్వు తీయలేవు.

ఇంక దీని గురించి రాయకు.

భీమశంకరరావు


మార్చి 5, గురువారం

ప్రియమైన భీమానికి,

(ప్రియమైన అని రాయడానికి పెన్ను మొరాయించింది.)

వినేవాడికి చెప్పొచ్చు, అడిగేవాడికి చెప్పొచ్చు. 'ఎందుకని అడక్కు, చెప్పను' అనేవాడితో నేనేం వేగను? కుందేటికి మూడే కాళ్ళంటావు. ఊళ్ళో పాతిక హోటలు గదులు మాట్లాడి, బంతులు తెప్పించి, అంబులెన్సు పెట్టి, అనుమతుల కోసం నలభై సంతకాలు చేయించుకొచ్చిన నన్ను నీ పంతం ఒక్కటీ ఆపేసేలా ఉంది. టోర్నమెంటు సూపర్‌వైజరు పదమూడున దిగుతున్నాడు. మొదట చూసేది ప్రాక్టీసు కోర్టే.

నిన్న కార్యవర్గం కూర్చుంది. మీ నలుగురికీ క్లబ్బు లెటర్‌హెడ్ మీద విడివిడిగా నోటీసులు, రిజిస్టర్డ్ పోస్టులో ఇళ్ళకే పంపాను. 'మీ ప్రవర్తన క్లబ్బు ప్రతిష్ఠకు భంగకరం. మూడో కోర్టులో మీ ప్రవేశం నిషేధించడమైనది' అని. భాష కటువుగానే ఉంటుంది. నేనే రాశాను. నీతో స్నేహంగా చెప్పిన మాటలు ఎటూ ఎక్కలేదు.

విసిగిపోయిన
శివ


మార్చి 10, మంగళవారం

శివా,

నాకు వచ్చిన నోటీసు చించి పారేశాను. మాతో ఆడే రమణమూర్తి తనకొచ్చినదాంట్లో వేరుశెనక్కాయలు పొట్లం కట్టుకున్నాడు. దాని గురించి కాదు ఈ ఉత్తరం. దేవదానానికి వెళ్ళిన నోటీసు గురించి.

అతని భార్య ప్రేమలీలమ్మ నా చేత ఒట్టు వేయించుకుని దాచమన్న సంగతి ఇది. ఇప్పుడు ఆమే చెప్పమంది. దేవదానానికి ఏడాదిగా జ్ఞాపకం పోతోంది. పాతికేళ్ళు స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడిపిన మనిషి, గాజువాక బజారులో నిలబడి తన ఇల్లెక్కడో అడిగాడు. చర్చిలో సంఘపెద్ద కదా, ఆదివారాలు వాక్యం చదివేది అతనే. తెలిస్తే అందరూ జాలిపడతారు, ఆ జాలికి అతను సగం చచ్చిపోతాడని ఆమె భయం.

మూడో కోర్టులో మాత్రం అన్నీ గుర్తుంటాయి. స్కోరు తప్పడు. ఎవరు ఏ వైపు నిలబడాలో మాకే చెబుతాడు. డిసెంబరులో కొత్తమట్టి వేయాలని ఐదు రోజులు ఆ కోర్టు మూశావు, గుర్తుందా? నాలుగో రోజున ప్రేమలీలమ్మను చూసి, "అమ్మా, మీరెవురు? మా ఇంటోళ్ళు ఏరి?" అన్నాడట. మళ్ళీ ఆట మొదలుపెట్టిన మూడో రోజుకు ఆమెను పేరుపెట్టి పిలిచాడు. నీ మధురవాడ కోర్టుకూ ఆ ఐదు రోజుల్లోనే ఒకసారి తీసుకెళ్ళాను. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని "ఇది మనది కాదు బావా, ఎల్లిపోదాం" అని ఏడ్చాడు. ఐదు రోజులకే అలా అయితే, తొమ్మిది రోజులకు ఏమవుతుందో నువ్వే చెప్పు.

ఇప్పుడు నీ నోటీసు. శుక్రవారం అందింది. చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున జేబులో కాగితం తగిలితే తీసి, అప్పుడే వచ్చినట్టు చదివాడు. ఆదివారం కూడా. ప్రేమలీలమ్మ దాచేస్తే, "నాకేదో కాయితం వొచ్చింది, ఏదది?" అని ఇల్లంతా వెతికి, అన్నం ముట్టలేదు. చేసేది లేక తిరిగి ఇచ్చేసింది. రోజూ నేను స్కూటర్ మీద వెళ్ళేసరికి వరండాలో అది పట్టుకుని కూర్చుని ఉంటాడు. "నానేటి తప్పు సేసినాను బావా?" అని అడుగుతాడు. మనకు ఒక్కసారి తగిలే దెబ్బ అతనికి రోజూ కొత్తగా తగులుతోంది. ఏ తప్పూ లేదని నచ్చజెప్పి కోర్టుకు తెస్తున్నాను. మర్నాటికి మళ్ళీ మొదలు.

నీ సూపర్‌వైజరుకు ఏం చెప్పుకుంటావో నాకు తెలియదు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది.

భీమం


మార్చి 12, గురువారం

ఒరేయ్ భీమం,

ముందే చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఒట్టయితే ఒట్టే, నాకు కూడానా? రెండు రోజులుగా నిన్ను తిడుతున్నాను, అంతకంటే ఎక్కువగా నన్ను తిట్టుకుంటున్నాను. ఆ నోటీసులో 'భంగకరం' అనే మాట బాగా కుదిరిందని అప్పుడు మురిసిపోయాను కూడా. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కోర్టుల టైంటేబుల్ మార్చాను. మూడో కోర్టు: ఆరు నుంచి ఏడు వరకు నీళ్ళు చల్లి, చదును చేసి, గీతలు తుడిచే సమయం. ఆ పని కోటి ఐదింటికే ముగిస్తాడు. ఆరింటికి మీరు ఆడండి. ఏడు కొట్టగానే దిగిపోవాలి. నువ్వు ఆఖరి గేము ఆఖరి గేము అని సాగదీస్తావు, నాకు తెలుసు. ఈ తొమ్మిది రోజులు మాత్రం నా పరువు తీయకు. సూపర్‌వైజరు పట్టుకుంటే ఏమవుతుందో నాకూ తెలియదు. టోర్నమెంటు పోతే పోయింది.

దీనితో దేవదానానికి ఒక ఉత్తరం పెట్టాను. అదే లెటర్‌హెడ్, అదే ముద్ర, అదే మడత. నోటీసు తీసేసి ఇది ఆ జేబులో పెట్టమని ప్రేమలీలమ్మకు ఇవ్వు. కావాలనే తేదీ వేయలేదు.

'శ్రీ దేవదానం గారికి, ఈరోజు ఉదయం ఆరు గంటలకు మూడో కోర్టులో మీ ఆట ఉంది. భీమశంకరరావు గారు స్కూటర్ మీద వచ్చి మిమ్మల్ని తీసుకువస్తారు. మీ ఎడమచేతి సర్వీసు లేకుండా ఆట మొదలుపెట్టడం కుదరదు. మీవల్ల ఏ తప్పూ జరగలేదు. దయచేసి రాగలరు. ఇట్లు, సెక్రటరీ.'

నీ
శివ


మార్చి 22, ఆదివారం

ప్రియమైన శివకు,

ఈ సాయంత్రం ఫైనల్లో నువ్వు కోటు వేసుకుని కప్పు అందిస్తుంటే గ్యాలరీలో వెనకాల నిలబడి చూశాను. చప్పట్లు కూడా కొట్టాను. ఆ పుణె కుర్రాడు బాగా ఆడాడు.

నీకు తెలియని విషయం ఒకటుంది. మొదటి రోజే మీ సూపర్‌వైజరు ఆరుంపావుకు వచ్చేశాడు. నలుగురు ముసలాళ్ళు లాగుల్లో గెంతుతుంటే చూసి, గీతలు తుడవడమంటే ఇదేనా అని కోటిని అడిగాడు. "అవున్సార్, మా ఊర్లోన ఇలాగే తుడుత్తాం" అన్నాడు వాడు. ఆయన దేవదానం సర్వీసు రెండుసార్లు చూశాడు. ఏడింటికల్లా ఖాళీ చేయాలని చెప్పి టీకి వెళ్ళిపోయాడు. ఆ పుణె కుర్రాడే ఒకరోజు ముందుగా వచ్చి, ఆ సర్వీసు ఎలా తిప్పుతారని అడిగితే, దేవదానం పది నిమిషాలు నేర్పాడు. ఆ రోజు మేము ఏడుంపావుకు దిగాం. దానికి తిట్టదలిస్తే తిట్టు.

తొమ్మిది రోజులూ ప్రేమలీలమ్మను పేరుపెట్టే పిలిచాడు. నీ ఉత్తరం జేబులోంచి తీసి చదువుతాడు. తొమ్మిదిసార్లూ అప్పుడే వచ్చినట్టే. "క్లబ్బోళ్ళు నన్ను రమ్మన్నారే" అని ఆమెకు చూపించి, తలకు నూనె రాసుకుని, నా కోసం గుమ్మంలో నిలబడి ఉంటాడు. డాక్టరు మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఈ కోర్టు కూడా ఒకరోజు పోతుందట. ఆ రోజు ఇంకా రాలేదు.

ఈ పొద్దున చదివి, మడిచి జేబులో పెట్టుకుని నన్నడిగాడు. "ఈ సెక్రటరీ ఎవురు బావా? నానెప్పుడూ సూడనేదు. మంచోడిలాగున్నాడు." ముప్పై ఏళ్ళుగా నీతో కలిసి టీ తాగినవాడు. నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్ళు కూడా మండింది. ఇన్నేళ్ళుగా స్కూటర్ మీద మోస్తున్న నన్ను ఒక్కనాడూ మంచోడనలేదు. రేపు ఆ సెక్రటరీని చూపిస్తానులే అన్నాను.

కాబట్టి నీ మోకాళ్ళ సంగతి నాకు చెప్పకు. రేపు ఆరింటికి మూడో కోర్టుకు రా. ఎల్లుండి కూడా రావాలి. ప్రతిరోజూ నీ పేరు నువ్వే చెప్పుకోవాలి, నీ తరఫున నేను చెప్పను.

నీ
భీమం