తలుపుకి అంటిస్తే అందినట్టే

ప్రియమైన అమ్మడికి,

ఎండలు ముదిరాయి. పొద్దున తొమ్మిది దాటితే సైకిలు హ్యాండిలు పట్టుకోలేకపోతున్నాను. ఇవాళ నాలుగు సమన్లు తీసుకెళ్లాను. ఇద్దరు సంతకం పెట్టి తీసుకున్నారు. మూడోవాడు నన్ను చూడగానే గడ్డివాము వెనక్కి పోయాడు. వాడి పెళ్లాం "ఊళ్లో లేడండీ" అంటుండగానే వాడు తుమ్మాడు. నాలుగో ఇంట్లో కుక్క తప్ప ఎవరూ లేరు. కాగితం తలుపుకి అంటించి వచ్చేశాను.

నేను రాసిన లా ఎంట్రన్సు మార్కులు వచ్చాయి. నూట ఇరవైకి నలభై ఒకటి. గవర్నమెంటు కాలేజీలో సీటు రావాలంటే డెబ్బై దాటాలట. అంటే మనకి ఆ గేటు కూడా కనపడదు.

పాతికేళ్లుగా కోర్టు అమీనాగా తిరుగుతున్నాను. కాగితం చేతిలో పెట్టడం వరకే నా పని. "ఇందులో ఏముందయ్యా, మమ్మల్ని జైల్లో పెడతారా?" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. చెప్పకూడదు. చెబితే నా ఉద్యోగానికి ముప్పు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ తర్వాతైనా ఓ బోర్డు కట్టుకుని కూర్చుంటే, అడిగినవాడికి ఇది ఇదీ అని నోరు విప్పి చెప్పొచ్చనుకున్నాను. నాకున్న కోరిక అదొక్కటే.

ఇవాళ ఆఫీసులో అడుగు పెట్టగానే బెంచి గుమస్తా లేచి నిలబడి, "లాయరుగారొచ్చారు, కుర్చీ వేయండర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే వెలపరంగా ఉంది.

మీ అమ్మ మార్కులు విని, "ఈ వయసులో పరీక్షేమిటని అప్పుడే అన్నాను" అని గిన్నెలు గట్టిగా సర్దుతోంది. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఫోను ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. నాకు తిట్టుకోవాలనుంది, ఆమె ముందు తిట్టుకోలేను. జవాబు కోర్టు చిరునామాకి రాయి.

మీ నాన్న


ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం పాల కేంద్రం గుమ్మంలో నిలబడి చదివాను. లోపల ఉండలేని పరిస్థితి. నిన్నంతా కరెంటు లేదు, జనరేటరు మొరాయించింది, ట్యాంకులో పాలన్నీ విరిగిపోయాయి. వాటిని కాలవలోకి వదిలి నేల కడిగాం. తలకి రెండుసార్లు పోసుకున్నా ఆ పులుపు కంపు జుట్టు వదలడంలేదు. కాబట్టి రోత గురించి నాకు చెప్పకు. ఈ వారం దాని మీద పూర్తి హక్కులు నావి.

బెంచి గుమస్తా సంగతి వదిలేయ్. ఆయన పదో తరగతి ఎన్నిసార్లు రాశాడో నువ్వే చెప్పావు కదా.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఇంగ్లీషు నీకు బాగానే వచ్చు, పేపరు రోజూ చదువుతావు. చట్టం ప్రశ్నలు నీకు నీళ్లు తాగినట్టుండాలి. మరి నలభై ఒకటేమిటి? నువ్వు టిక్కులు పెట్టుకొచ్చిన ప్రశ్నపత్రం పంపు. కోపంలో చింపేయకు. నీ సంగతి నాకు తెలుసు.

అమ్మ మాటలకి బాధపడకు. ఆమె ఎప్పుడు నిన్ను మెచ్చుకుంది గనక?

మీ అమ్మడు


ప్రియమైన అమ్మడికి,

ప్రశ్నపత్రం ఇందులోనే పెట్టాను. చింపబోయాను, అది నిజమే. సగం చిరిగాక నీ ఉత్తరం వచ్చింది. అతికించి పంపుతున్నాను.

నిన్న ఒక చోటికి వెళ్లాను. చెప్పకపోతే ఆ రోత వదిలేలా లేదు. మన పక్కవీధి కుర్ర వకీలు ఉన్నాడు కదా, వాడు "బాబాయ్, మార్కులతో పనేముంది, నాతో రండి" అని ఒక ప్రైవేటు లా కాలేజీకి తీసుకెళ్లాడు. కాలేజీ అంటే టైర్ల దుకాణం మేడ మీద మూడు గదులు. మెట్ల మలుపులో ఉమ్ములు. లైబ్రరీ అని రాసిన గదిలో కిందివాళ్ల పాత టైర్లు. ఒక్క కుర్రాడూ లేడు, ఒక్క పుస్తకమూ లేదు. ప్రిన్సిపాలు అన్నాయన ఒట్టి బనీనుతో కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు.

"మీరు రోజూ రానక్కర్లేదండీ" అన్నాడు. "పరీక్షలకి కూడా ఒకసారి కనబడితే చాలు. హాజరు మేం చూసుకుంటాం."

హాజరు పట్టీ తిప్పి చూశాను. క్లాసులో అందరి సంతకాలకీ ఒకటే కొమ్ము, ఒకటే తోక. ఒకే చెయ్యి. నేను పాతికేళ్లుగా వేలిముద్రలూ సంతకాలూ చూస్తున్నవాణ్ణి, నాకు చూపించాడు ఆ పట్టీ!

బయటికొచ్చాక కుర్ర వకీలు "మీక్కావలసింది నల్లకోటే కదా బాబాయ్" అన్నాడు.

"నువ్వెక్కడ చదివావురా?" అన్నాను.

"ఇక్కడే" అన్నాడు.

వాడి మోటారు సైకిలు ఎక్కబుద్ధి కాలేదు. నడిచి వచ్చాను. దారిలో చేతులు కడుక్కున్నాను, ఎందుకో నాకే తెలియదు.

మళ్లీ పరీక్ష రాయను. ఇక ఈ ప్రస్తావన వద్దు.

మీ నాన్న


ప్రియమైన నాన్నకి,

ప్రస్తావన తెస్తున్నాను. తిట్టుకో.

నీ పేపరు మూడు రోజులు కూర్చుని చూశాను. ఇంగ్లీషు బాగా చేశావు. లెక్కలు పరవాలేదు. నిన్ను ముంచినవన్నీ ఒకటే రకం ప్రశ్నలు. సూత్రం వాళ్లే ఇస్తారు, సంగతి వాళ్లే చెబుతారు, సూత్రం ప్రకారం జవాబు చెప్పమంటారు. నువ్వేం చేశావో చూడు.

సూత్రం: ఒకడి గోడ కూలి పక్కవాడి వస్తువు పాడైతే గోడ సొంతదారే నష్టం ఇచ్చుకోవాలి. సంగతి: రాత్రి వానకి గోడ కూలి పక్కింటివాడి బండి విరిగింది. సొంతదారు బాధ్యుడా? నువ్వు 'కాదు' అని టిక్కు పెట్టి, పక్కన పెన్సిలుతో 'రాత్రిపూట, సాక్షి దొరకడు' అని రాశావు. నాన్నా! సాక్షి గురించి వాళ్లెక్కడ అడిగారు?

ఇంకోటి. సూత్రం: నోటీసు మనిషి చేతికి అందితేనే అందినట్టు. సంగతి: నోటీసు తలుపుకి అంటించి వెళ్లారు, ఇంటాయన ఊళ్లో లేడు. అందినట్టా? నువ్వు 'అందినట్టే' అన్నావు. కింద రెండుసార్లు గీత కూడా గీశావు.

ఇలాంటివి ముప్పై దాకా ఉన్నాయి. ప్రతిచోటా నువ్వు మీ కోర్టులో ఏం జరుగుతుందో చెప్పావు. పేపర్లో ఏముందో చెప్పలేదు. తప్పుకి మార్కు కోస్తారు కూడా. నా దగ్గరికి పాలు తెచ్చినప్పుడు అవి ఎవరి గేదెవి, వాళ్లెంత మంచివాళ్లు అని నేను చూస్తానా? వెన్న కొలిచే మీటరు మీద అంకె చూస్తాను. నువ్వూ అలా చూడాలి. నీకు తెలిసింది ఆ రెండు గంటలు గేటు బయట కట్టేసి వెళ్లు.

నీకు తెలివి తక్కువై ఫెయిలవలేదు. కాబట్టి వచ్చే ఏడు మళ్లీ రాస్తున్నావు. అలాంటి ప్రశ్నల పుస్తకం వేరే పంపుతున్నాను. నీ అంతట నువ్వు చదవకు, పక్కన రాసిపెట్టేస్తావు. అమ్మని పైకి చదవమను. గొణుక్కుంటుంది, అయినా అడుగు.

మీ అమ్మడు


ప్రియమైన అమ్మడికి,

వానలు పట్టుకున్నాయి. రోడ్లన్నీ బురద. సమన్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కాలోపల పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న సైకిలు మోసుకుని వాగు దాటాను.

నీ పుస్తకం అందింది. తలుపుకి అంటిస్తే అందినట్టు కాదట! పాతికేళ్లుగా అంటిస్తున్నాను, జడ్జిగారు ఒక్కసారైనా 'అందలేదు' అన్నారా? ఎవడో గదిలో కూర్చుని సూత్రం రాస్తాడు, మనం తలూపాలి. చట్టం చదవాలంటే ముందు కోర్టుని మరిచిపోవాలన్నమాట. ఇంత చీదర పుట్టించే చదువు ఇంకోటి ఉండదు.

అయినా మొదలెట్టాను. మీ అమ్మ భోజనాలయ్యాక చదువుతోంది. ఆమెకిది కొత్తకాదు. నేను ఉత్తరాల ద్వారా డిగ్రీ కట్టినప్పుడు ఊళ్లు తిరిగొచ్చి కళ్లు మూసుకుంటే, పాఠాలు ఆమే చదివి వినిపించేది. ఎలాగూ చదివాను కదా అని తనూ పరీక్షలు రాసింది. ఆమె ఒక్కసారికే గట్టెక్కింది. నేను చరిత్ర రెండోసారి రాశాను. ఆ సంగతి మన ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఆమె ప్రశ్న చదువుతుంది, నేను ఆలోచిస్తుంటాను, ఆమె జవాబు చెప్పేస్తుంది. వెనక చూస్తే సరిపోతుంది. పదికి పది.

"నీకెలా తెలిసిందే?" అన్నాను.

"తెలియడానికేముంది, పైన రాసే ఉంది కదా. మీకు కనబడదా?"

"అలా తీర్పులొస్తాయనుకుంటున్నావా? వాడు అప్పీలుకి పోతాడు."

"పోతే పోనీయండి. ఇందులో అప్పీలు లేదు."

ఆమె ఎప్పుడూ కోర్టు గుమ్మం తొక్కలేదు. ఆమె అదృష్టం అదే. నాకు ఒళ్లు మండి, నిన్న పుస్తకం మూసేసి, "ఇంట్లో కూర్చుని చెప్పడం ఎవరికైనా తేలికే. హాల్లో గంట కొట్టాక చెప్పు చూద్దాం" అన్నాను. ఆమె లేచి లోపలికి పోయి దీపం తీసేసింది.

మీ నాన్న


ప్రియమైన నాన్నకి,

నువ్వు ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో చూసుకున్నావా? వానలు పోయాయి, చలి వచ్చి వెళ్లింది, మళ్లీ ఇక్కడ పాలు విరిగే రోజులొచ్చాయి. పరీక్ష అయిపోయిందని పేపర్లో చూశాను. ఎలా రాశావో ఒక్క ముక్క లేదు.

అమ్మకి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేస్తోంది. "మీ నాన్నని పరీక్ష గురించి అడక్కు" అంది. ఎందుకంటే, "అడక్కు అన్నాను కదా" అంది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయాయట, చూసుకోలేదట! అమ్మ పాలు పొంగబెట్టడం నేను పుట్టాక చూడలేదు. మీ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా? ఈ పరీక్ష వల్ల ఇంట్లో గొడవలైతే నాదే తప్పు, నేనే రాయమన్నాను. ఆమెకి ఇష్టం లేదని తెలిసి కూడా ఆమె చేతే చదివించమన్నాను.

నాన్నా, పంతం వదిలి అమ్మని బతిమాలుకో. లాయరువి కాకపోయినా బతకొచ్చు.

మీ అమ్మడు


ప్రియమైన అమ్మడికి,

నిన్న పెద్దగాలి. కోర్టు వెనక రేకులు లేచిపోయి రికార్డు గది తడిసింది. ఇవాళ ఆదివారమైనా వెళ్లి కట్టలు విప్పి ఆరబెట్టి వచ్చాను. చెద, బొద్దింకలు, ముక్కిన వాసన. ఇప్పటిదాకా తుమ్ములే.

గొడవలేం లేవు. నువ్వనుకున్నది వేరు, జరిగింది వేరు. వరసగా చెబుతాను.

ఆ రోజు మీ అమ్మతో అన్న మాట అక్కడితో వదిలేయలేదు. మర్నాడు నా దరఖాస్తుతోపాటు ఆమెది కూడా తెచ్చి నింపాను. ఆమెని పైకి తేవాలని కాదు. హాల్లో కూర్చుని చెమటలు పడితే నోరు మూస్తుందని. సంతకం పెట్టమంటే, "దేనికి?" అంది. "నీకన్నీ వచ్చు కదా" అన్నాను. నావైపు చూసి పెట్టింది.

అప్పట్నుంచి నాకు చదివి వినిపించడం మానేసింది. తనే చదువుకుంది. పాలు పొంగింది అందుకే.

ఇద్దరం ఒకే కేంద్రంలో రాశాం. బయటికొచ్చాక "ఎలా రాశారు?" అంది. "బాగానే" అన్నాను. నాకు తెలుసు, బాగా లేదు. హాల్లో నీ మీటరు గుర్తు పెట్టుకునే కూర్చున్నాను. నాలుగు ప్రశ్నలు సరిగ్గా చేశాను. ఐదోది ఇంజంక్షను, పని ఆపమనే ఉత్తర్వు. అలాంటి ఆర్డరు నేనే మోసుకెళ్లి దెబ్బలు తిన్నాను. ఆ దెబ్బలు చెప్పిన జవాబే టిక్కు పెట్టాను. అక్కడినుంచి అన్నీ అలాగే పోయాయి. కోర్టు నాకు మరీ ఎక్కువ తెలుసు. ఇంక అది పోదు.

మార్కులు పోయిన వారం వచ్చాయి. నాకు నలభై తొమ్మిది. మీ అమ్మకి ఎనభై మూడు.

గవర్నమెంటు కాలేజీలో సీటు వచ్చింది, హాస్టలు కూడా ఇస్తారట. ఆ కాగితం చూసి రెండు రోజులు నేను నోరు విప్పలేదు. అన్నం కూడా సహించలేదు. బెంచి గుమస్తాకి తెలిస్తే ఏమంటాడో అదే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ గుమస్తా నోరెత్తకూడదని, ఆమెకి సీటు పోతే బాగుండునని ఒక పూట అనుకున్నాను కూడా. నాకు నేను ఆ టైర్ల మేడ మెట్లలాగా కనిపించాను.

చేరడానికి గడువు ముంచుకొస్తోంది. శుక్రవారం ఆమే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీరు నింపితేనే సంతకం పెట్టాను. ఇప్పుడు వద్దంటే వెళ్లను. కానీ వద్దని నోటితో చెప్పాలి. మూతి ముడుచుకుని కూర్చుంటే నేను ఇంటికి అంటుకుని ఉండిపోతాననుకోకండి."

"వెళ్లు" అన్నాను.

"మనస్ఫూర్తిగానా?"

"మనస్ఫూర్తిగా కాదు. అయినా వెళ్లు."

"ఆ మాత్రం ముందే చెప్పొచ్చుగా, రెండు రోజులు అన్నం దండగ చేశారు" అని లేచి పెట్టె దించమంది. దించాను. తాళం పట్టేసింది, నూనె వేశాను.

నేనిక పరీక్ష రాయను. ఈసారి అడగకు, ఈసారి కారణం తెలిసే మానేస్తున్నాను. రిటైరయ్యేదాకా కాగితాలు మోస్తాను. అడిగినవాళ్లకి చెప్పే మనిషి ఇంట్లో ఒకరుంటారు, అది నేను కాదు. ఇది రాస్తుంటే ఇంకా నోరు చేదుగానే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

మీ నాన్న

ఉత్తరం డబ్బాలో వేయబోతూ ఇది రాస్తున్నాను. మీ అమ్మ సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకి వెళ్లింది.