ముట్టుకున్న గుర్రం

ఏమండీ,

మన శ్రావణి నిన్న రాజమండ్రి చెస్ టోర్నమెంటులో ఆఖరి గేమ్ ఓడిపోయింది. మీరు పోయాక అది ఆడిన మొదటి పెద్ద పోటీ. గెలిచుంటే కప్పు దానిదే. అయినా మీకు శుభవార్తే రాస్తున్నాను.

ఎదుట కూర్చున్నది నిరుడు కప్పు కొట్టిన విశాఖ అబ్బాయి. మూడు గంటలు ఇద్దరూ తల ఎత్తలేదు. మనమ్మాయిదే పైచేయి. అతను మంచినీళ్ళకని లేచి వెళ్ళినప్పుడు ఇది గుర్రాన్ని పట్టుకుని గబుక్కున వదిలేసింది. దాన్ని కదిపితే మంత్రి పోతుందని అప్పుడు చూసుకుంది. చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు ఇవతల కూర్చున్న నేను తప్ప ఎవరూ చూడలేదు. అది నా వైపు చూసింది. ఏనుగుని జరిపెయ్యవే అని లోపల్లోపల మొక్కుకుంటూ నేను తల దించుకున్నాను.

మళ్ళీ చూసేసరికి గుర్రాన్నే జరిపింది. ఇంకో పది ఎత్తులకి చెయ్యి చాచి ఓటమి ఒప్పుకుంది.

బయటికొచ్చాక, "ఎవరూ చూళ్ళేదు కదే!" అన్నాను.

"ముట్టుకున్నాను కదమ్మా," అంది, నన్నే వింతగా చూస్తూ.

తునిలో మన కొట్లో, బియ్యం బస్తా మీద బల్ల పెట్టి ఆడేటప్పుడు, ఐదేళ్ళ పిల్ల వెక్కివెక్కి ఏడ్చినా మీరు ఒక్క ఎత్తు కూడా వెనక్కి తీసుకోనివ్వలేదు. "ముట్టుకుంటే ఆడాల్సిందే," అన్నారు. పసిదాన్ని ఏడిపించారని నేను రెండు రోజులు మీతో మాట్లాడలేదు.

తప్పు నాదేనండి. ఆ రెండు రోజులూ మాట్లాడి ఉండాల్సింది.